సఫిరిన్‌ను ఫీల్డ్‌లో గుర్తించడం ఎలా: తొలి అనుమానం నుంచి ల్యాబ్ చీటీ దాకా

నీలి గింజలున్న రాయి ఫొటో చూపించి "ఇది సఫిరినేనా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ప్రతి ఒక్కరినీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ గింజ చుట్టూ ఉన్న రాయి ఏమిటి? చాలామంది దగ్గర జవాబు ఉండదు. గింజను దగ్గరగా ఫొటో తీస్తారు, రాయిని వదిలేస్తారు. సఫిరిన్ విషయంలో అసలు ఆధారమంతా ఆ వదిలేసిన రాయిలోనే ఉంటుంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. ఫీల్డ్‌లో సఫిరిన్ అని నిరూపించలేం. సఫిరిన్ కాని వాటిని ఒక్కొక్కటిగా పక్కకు తప్పించగలం. చివరికి మిగిలిన అనుమానం ల్యాబ్‌కు పంపేంత బలంగా ఉందా లేదా అన్నది తేల్చుకోగలం. ఈ పనిని వరసలో చేస్తే ఒక్కో రాయికి అరగంట చాలు. వరస తప్పితే రోజంతా తిరిగినా బ్యాగులో బరువే మిగులుతుంది.

## 1. సఫిరిన్ గురించి చేతిలో ఉండాల్సిన వివరాలు

సఫిరిన్ అంటే మెగ్నీషియం, అల్యూమినియం ఎక్కువగా, సిలికా తక్కువగా ఉండే సిలికేట్ ఖనిజం. నీలమణి రంగు ఉందని ఆ పేరు పెట్టారు. పేరు తప్ప నీలమణితో దానికి చుట్టరికం లేదు. నీలమణి కోరండం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. దానిలో సిలికా ఉండదు.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇవి రాసుకోండి:

- కాఠిన్యం (గీతకు ఎంత తట్టుకుంటుందో): 1 నుంచి 10 దాకా ఉండే మోహ్స్ స్కేలుపై 7.5
- సాపేక్ష సాంద్రత (అంతే పరిమాణం నీటి కంటే ఎన్ని రెట్లు బరువో): సుమారు 3.4 నుంచి 3.6
- రంగు: లేత నీలం, ముదురు నీలం, బూడిద నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిద. అరుదుగా గులాబీ ఛాయ
- మెరుపు: గాజులాంటిది
- పొడి రంగు: తెలుపు
- క్లీవేజ్ (చదును ముఖాల వెంట విడిపోయే గుణం): కంటికి ఆనేంత స్పష్టంగా ఉండదు. గరుకుగా లేదా కొద్దిగా వంపు తిరిగి పగులుతుంది
- రూపం: ఎక్కువగా గింజలు, గింజల గుంపులు. కొన్నిసార్లు బల్లపరుపు స్ఫటికాలు

రంగు దగ్గర ఒక హెచ్చరిక. పేరు చూసి నగల దుకాణంలోని నీలం రాయిని ఊహించుకోవద్దు. రాయిలో మామూలుగా కనిపించే సఫిరిన్ కడిగిన పలక మీద నీలం పలచగా పూసినట్టు ఉంటుంది. మెరిసిపోయే నీలం కోసం వెతికేవాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు.

## 2. ఎక్కడ వెతకాలి: పని మ్యాప్ దగ్గర మొదలవుతుంది

సఫిరిన్ ఎక్కడ పడితే అక్కడ దొరకదు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి రూపం మారిన గ్రాన్యులైట్ శిలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. సఫిరిన్, క్వార్ట్జ్ పక్కపక్కనే కుదురుగా ఉన్న రాయి కనిపిస్తే, అది 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి చూసిందని శిలాశాస్త్రవేత్తలు లెక్కగడతారు.

ఈ ఖనిజాన్ని మొదట వర్ణించింది గ్రీన్‌లాండ్‌లోని ఫిస్కెనేసెట్ ప్రాంతం నుంచి, 1819లో. అంటార్కిటికాలోని ఎండర్‌బీ ల్యాండ్, మడగాస్కర్, శ్రీలంక, తమిళనాడులోని పళని కొండలు, తూర్పు కనుమల్లో పాడేరు, అనకాపల్లి పరిసరాలు దీనికి తెలిసిన చోట్లు. ఇవన్నీ గ్రాన్యులైట్ నేలలే.

కాబట్టి మొదటి పని మీరు వెళ్లే చోటి జియలాజికల్ మ్యాప్ తెరవడం. మన దేశంలోనైతే జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వారి భూకోశ్ పోర్టల్‌లో చూడొచ్చు. చార్నోకైట్, ఖోండలైట్, మాఫిక్ గ్రాన్యులైట్ అనే పేర్లున్న గళ్లు వెతకండి, ఇవన్నీ గ్రాన్యులైట్ రకాలే. వాటిలోనూ రెండు శిలలు కలిసే సరిహద్దు గీతలను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మ్యాప్‌లో బసాల్టో, సున్నపురాయో, ఇసుకరాయో ఉంటే అక్కడ కనిపించే నీలి ఖనిజం వేరే కథ. ఈ గైడ్ దానికి పనికిరాదు.

అనుమతులు కూడా ముందే తీసుకోవాలి. భూమి ఎవరిదో వాళ్లను అడగాలి, అటవీ భూమి అయితే అటవీ శాఖను అడగాలి. నడుస్తున్న క్వారీ అయితే పేలుళ్ల వేళలు తెలుసుకోకుండా లోపల అడుగు పెట్టొద్దు.

## 3. సంచిలో పెట్టుకోవాల్సినవి

- 10 రెట్లు చూపించే హ్యాండ్ లెన్స్, మెడలో వేసుకునే తాడుతో
- జియాలజీ సుత్తి, కళ్లకు సేఫ్టీ గ్లాసెస్
- స్టీల్ చాకు
- నున్నటి ముఖం ఉన్న క్వార్ట్జ్ ముక్క, చిన్న టోపాజ్ ముక్క
- 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు, ప్లాస్టిక్ కప్పు, సన్నని దారం
- పోలరైజింగ్ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పంపే పలచటి రేకు) ముక్క ఒకటి
- నీళ్ల స్ప్రే బాటిల్, పళ్లు తోముకునే పాత బ్రష్
- నమూనా సంచులు, చెరగని మార్కర్, పాత న్యూస్‌పేపర్
- నోట్‌బుక్, పెన్సిల్, స్కేలు, జీపీఎస్ ఉన్న ఫోన్

టోపాజ్ ముక్క ఎందుకని అడుగుతారు. కాఠిన్యంలో సఫిరిన్ 7.5, టోపాజ్ 8, కోరండం 9. టోపాజ్ మీద గీత పెట్టగలిగితే అది సఫిరిన్ కాదు. ఇంత చిన్న ముక్క అంత పెద్ద అనుమానాన్ని తీర్చేస్తుంది.

సేఫ్టీ గ్లాసెస్ విషయంలో వాదన పెట్టుకోవద్దు. గ్రాన్యులైట్ గట్టి రాయి. సుత్తి దెబ్బకు పెచ్చులు కంటి ఎత్తున ఎగురుతాయి. పక్కన నిలబడ్డవాళ్లకూ గ్లాసెస్ ఉండాలి, లేదంటే వాళ్లు వెనక్కి జరిగాకే కొట్టాలి.

## 4. ముందు రాయిని చదవండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. అందుకే కొంచెం ఎక్కువసేపు ఇక్కడే ఉందాం.

కొండంతా సఫిరిన్ రాయి ఉండదు. ఖోండలైట్‌లోనో, చార్నోకైట్‌లోనో మధ్యలో ఇరుక్కున్న పట్టీలుగా, రెండు వైపులా సన్నబడిన ముద్దలుగా ఉంటుంది. కొన్ని అరచేతి వెడల్పు ఉంటాయి, కొన్ని కొన్ని మీటర్లు సాగుతాయి. వీటిని మెగ్నీషియం, అల్యూమినియం గ్రాన్యులైట్లు అంటారు. చుట్టూ ఉన్న రాయి కంటే నల్లగా, చేతిలోకి తీసుకుంటే అనుకున్నదాని కంటే బరువుగా ఉంటాయి.

అవుట్‌క్రాప్ (నేల పైకి తేలి కనిపించే రాతి భాగం) ముందు నిలబడి సుత్తి తీయకుండా ఐదు నిమిషాలు చూడండి. ఈ వరసలో:

1. ప్రధానమైన రాయి ఏమిటి? గార్నెట్, సిల్లిమనైట్ నిండిన, తుప్పు రంగు పట్టిన ఖోండలైటా? జిడ్డు పూసినట్టు ఆకుపచ్చ కలిసిన నలుపు చార్నోకైటా?
2. దాని మధ్యలో రంగు, బరువు, గరుకుదనం తేడాగా ఉన్న పట్టీ ఏదైనా ఉందా?
3. ఆ పట్టీలో మెరిసే గోధుమ రంగు అభ్రకం రేకులు ఉన్నాయా? ఫ్లోగోపైట్ అనే మెగ్నీషియం అభ్రకం మంచి సూచన.
4. గోధుమ రంగు ఆర్థోపైరాక్సీన్, నల్లటి స్పినెల్, తెల్లటి సిల్లిమనైట్ సూదులు, ఎర్ర గార్నెట్: వీటిలో కనీసం మూడు కనిపిస్తున్నాయా?
5. క్వార్ట్జ్ ఉందా? ఉంటే నీలి గింజను తాకుతూ ఉందా, దూరంగా ఉందా?

ఐదో ప్రశ్నకు ప్రత్యేకమైన విలువ ఉంది. కోరండం, క్వార్ట్జ్ ఒకదాన్నొకటి తాకుతూ కుదురుగా ఉండడం చాలా చాలా అరుదు. నీలి గింజ నేరుగా క్వార్ట్జ్‌ను తాకి ఉంటే, మధ్యలో ఏ అంచూ లేకపోతే, కోరండం అవకాశం బాగా తగ్గుతుంది. క్వార్ట్జ్ అసలే లేకపోతే సఫిరిన్, కోరండం రెండూ పోటీలో ఉన్నట్టు. అవి ఒకే రాయిలో కలిసి ఉండడం కూడా జరుగుతుంది, కాబట్టి ఒక గింజకు చేసిన పరీక్షను పక్క గింజకు అంటగట్టొద్దు.

వాగులో దొరికిన గుండ్రాయి అయితే ఈ ఐదు ప్రశ్నల్లో సగానికి జవాబు ఉండదు. అలాంటప్పుడు రాయి మీద "వాగు రాయి" అని రాసి, ఎగువకు నడుస్తూ అలాంటి పట్టీ కోసం చూడండి. ముక్కలు ఎక్కడ ఆగిపోయాయో దాని పైనే మూలం ఉంటుంది.

## 5. తాజా ముఖం, సరైన వెలుతురు

ఎండకు వానకు మాగిన పైపొరను చూసి రంగు చెప్పొద్దు. ఇనుము తుప్పు నీలాన్ని గోధుమ చేస్తుంది. కొన్నిసార్లు నల్ల అభ్రకం మీద సన్నటి పొర ఏర్పడి ఇంద్రధనుస్సు రంగులతో నీలంగా మెరుస్తుంది.

అవుట్‌క్రాప్ మధ్యలో కొట్టకుండా, అప్పటికే పగులు ఉన్న అంచు మీద కొట్టండి. తక్కువ దెబ్బలతో ముక్క వస్తుంది, అవుట్‌క్రాప్ తర్వాత వచ్చేవాళ్లకూ మిగులుతుంది. తాజా ముఖాన్ని బ్రష్‌తో దులిపి, పొడిగా ఒకసారి, నీళ్లు చల్లి ఒకసారి చూడండి. తడి ముఖం మీద గింజల మధ్య సరిహద్దులు తేటగా తెలుస్తాయి.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు ఇంకో చిక్కు ఉంది. గాజులా మెరిసే ఏ ముఖమైనా ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. ఆర్థోపైరాక్సీన్ కూడా నీలంగా కనిపించేది అప్పుడే. రాయిని అటూ ఇటూ వంచండి, టోపీతో నీడ పట్టండి. నీడలోనూ నీలం అలాగే ఉంటే అది గింజ రంగు, మాయమైతే ఆకాశం రంగు.

## 6. లెన్స్ కింద ఏం చూడాలి

లెన్స్‌ను కంటికి ఆనించి, రాయిని లెన్స్ దగ్గరకు తీసుకురండి. లెన్స్‌ను రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. వెలుతురు మీ భుజం మీదుగా రాయి మీద పడాలి.

ముందు క్లీవేజ్ చూడండి. రాయిని నెమ్మదిగా తిప్పుతుంటే నీలి గింజ మీద అద్దంలా ఒక్కసారి తళుక్కుమనే చదును ముఖాలు, మెట్లు మెట్లుగా విరిగిన అంచులు కనిపిస్తే సఫిరిన్ మీద అనుమానం తగ్గించుకోండి. సఫిరిన్ గింజ విరిగిన చోట గాజు పెంకులా, అడ్డదిడ్డంగా ఉంటుంది.

తర్వాత గింజ పొరుగును చూడండి. నేను ఎక్కువగా నమ్మే ఆనవాలు ఒకటుంది: మధ్యలో మిరియం గింజంత నల్లటి స్పినెల్, దాని చుట్టూ సన్నటి నీలి అంచు, ఆ అంచు బయట గోధుమ ఆర్థోపైరాక్సీన్ లేదా బూడిద రంగు కార్డిరైట్. ఆ నీలి అంచు మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. రాయి చల్లబడే క్రమంలో స్పినెల్ చుట్టుపక్కల ఖనిజాలతో చర్య జరిపి సఫిరిన్‌గా మారితే ఇలాంటి అంచు ఏర్పడుతుంది. కయనైట్‌కో, నీలి క్వార్ట్జ్‌కో ఇలా స్పినెల్‌ను కౌగిలించుకుని పెరిగే అలవాటు లేదు. ఈ అంచు ఒక్క గింజ చుట్టూ కనిపిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. పది స్పినెల్ గింజల్లో ఏడెనిమిదింటి చుట్టూ కనిపిస్తే ఆ రాయి సంచిలోకి వెళ్లాల్సిందే.

కొన్ని రాళ్లలో నీలం, బూడిద రంగు గీతలు వేలిముద్రలా అల్లుకుపోయి ఉంటాయి. సఫిరిన్, కార్డిరైట్ కలిసి పెరిగినప్పుడు అలా కనిపించొచ్చు. అంత సన్నటి అల్లికను లెన్స్‌తో తేల్చలేం. ఫొటో తీసి, స్థలం గుర్తు పెట్టి వదిలేయండి, మైక్రోస్కోప్ చూసుకుంటుంది.

## 7. గీత పరీక్ష: చిన్న గింజతో చేసే పద్ధతి

గింజ రెండు మిల్లీమీటర్లే ఉన్నప్పుడు దాని మీద చాకు పెట్టి గీయడం కుదరదు, చాకు పక్క ఖనిజం మీదకు జారిపోతుంది. తిరగేసి చేయండి. నీలి గింజ అంచు ముందుకు పొడుచుకొచ్చేలా రాతి పెచ్చును పట్టుకుని, దానితో క్వార్ట్జ్ నున్నటి ముఖం మీద గీయండి.

1. ముందు క్వార్ట్జ్ ముఖాన్ని లెన్స్‌తో చూసి పాత గీతలు లేని చోటు ఎంచుకోండి.
2. గట్టిగా నొక్కి అర సెంటీమీటరు గీయండి. ఒకే గీత.
3. తడి వేలితో తుడవండి.
4. గోరు అడ్డంగా నడపండి. గోరు తట్టుకుంటే నిజమైన గీత. తుడిస్తే పోయినది గింజ అరిగి రాలిన పొడి.
5. అదే గింజతో టోపాజ్ మీద కూడా గీయండి.

క్వార్ట్జ్ మీద గీత పడి టోపాజ్ మీద పడకపోతే మీ గింజ 7కీ 8కీ మధ్యలో ఉంది. సఫిరిన్ ఉండేది అక్కడే. ఆ మెట్టు మీద మరికొన్ని ఖనిజాలు కూడా ఉంటాయని మర్చిపోవద్దు. రెండింటి మీదా పడితే కోరండం వైపు వెళ్లండి. క్వార్ట్జ్ మీదే పడకపోతే మాత్రం తొందరపడి కొట్టేయొద్దు. గీసిన అంచు నిజంగా నీలి గింజదేనా, పక్కనున్న అభ్రకందా అని లెన్స్‌తో చూసి ఇంకోసారి చేయండి.

పొడి రంగు కోసం పింగాణీ స్ట్రీక్ ప్లేట్ వాడేవాళ్లు ఇక్కడ మోసపోతారు. ఆ ప్లేట్ కాఠిన్యం సుమారు 6.5 నుంచి 7. సఫిరిన్ దాని కంటే గట్టిది, కాబట్టి కనిపించే తెల్ల పొడి ప్లేటుదే. పొడి రంగు కావాలంటే చిన్న గింజను కాగితంలో మడిచి సుత్తితో నలిపి చూడండి. నా మట్టుకు నేను ఈ పరీక్షను దాదాపు వదిలేశాను. పోటీలో ఉన్న నీలి ఖనిజాలు చాలావరకు తెల్ల పొడే ఇస్తాయి.

## 8. బరువు పరీక్ష

దాదాపు పూర్తిగా నీలి ఖనిజమే ఉన్న ముక్క దొరికితేనే ఈ పరీక్ష చేయండి. ముక్కలో గార్నెట్ సగం ఉంటే వచ్చే సంఖ్యకు అర్థం లేదు.

1. పొడి ముక్కను తూచి బరువు రాసుకోండి.
2. కప్పులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, రీడింగ్‌ను సున్నా చేయండి.
3. ముక్కకు దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా దించండి. కప్పు అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు.
4. ఇప్పుడు త్రాసు చూపే సంఖ్య, ముక్క పక్కకు నెట్టిన నీటి బరువు.
5. మొదటి బరువును ఈ సంఖ్యతో భాగించండి. అదే సాపేక్ష సాంద్రత.

ముక్క 3.50 గ్రాములు, నీళ్లలో రీడింగ్ 1.00 అనుకోండి. సాంద్రత 3.50. త్రాసు 0.01 గ్రాము అటూ ఇటూ తప్పినా జవాబు 3.47కీ 3.54కీ మధ్యే ఉంటుంది.

అదే ముక్క 0.70 గ్రాములే అయితే నీళ్లలో రీడింగ్ 0.20. అంతే తప్పుకు జవాబు 3.33 నుంచి 3.68 దాకా ఊగుతుంది. అయినా పనికిరానిదేమీ కాదు. కార్డిరైట్ 2.6 దగ్గర, కోరండం 4.0 దగ్గర ఉంటాయి కాబట్టి ఆ రెండూ పక్కకు తప్పుకున్నట్టే. కయనైట్, స్పినెల్ మాత్రం ఈ పరీక్షతో తప్పుకోవు.

గరుకు ముఖాలకు గాలి బుడగలు అంటుకుంటే ముక్క తేలికైనట్టు కనిపిస్తుంది. ముందే ముక్కను తడిపి, బ్రష్‌తో రుద్ది, ఆ తర్వాత దించండి. నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపినా మంచిదే. కొండ మీద గాలి వీస్తుంటే సంఖ్య నిలవదు, బ్యాగు అడ్డం పెట్టుకోండి.

## 9. పోలికలున్న ఖనిజాలను తప్పించడం

కార్డిరైట్. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇదే. కాఠిన్యం 7 నుంచి 7.5, గాజు మెరుపు, నీలం రంగు, పైగా సఫిరిన్ ఉన్న రాయిలోనే పక్కనే ఉంటుంది. ఒకసారి కొండ మీద నుంచి నీలి ముక్కలు మూడు తెచ్చి, సఫిరిన్ అన్న నమ్మకంతో నోట్స్ కూడా రాసేశాను. గీత పరీక్ష సరిపోయింది, రాయి సరిపోయింది. రాత్రి బసలో తూస్తే మూడూ 2.6 చుట్టూనే వచ్చాయి. ఆ రోజు నుంచి, తూచే వీలున్న ముక్కను తూచకుండా పేరు రాయలేదు. తూచే వీలు లేనప్పుడు అంచులు చూడండి: కార్డిరైట్ అంచుల్లో, పగుళ్ల వెంట ఆకుపచ్చ బూడిద రంగులో మెత్తగా మారిపోతుంటుంది.

నీలి క్వార్ట్జ్. చార్నోకైట్‌లో క్వార్ట్జ్ తరచూ నీలి ఛాయతో జిడ్డుగా కనిపిస్తుంది. రాయిలో పెద్ద భాగం అదే అయితే, ఫెల్డ్‌స్పార్‌తో కలిసి ఉంటే, ముందుకు నడవండి.

కోరండం. టోపాజ్ పరీక్షతో తేలుతుంది. పీపా ఆకారపు ఆరు పలకల స్ఫటికాలు, అడ్డంగా చదునుగా విడిపోయే ముఖం మీద మూడు దిక్కుల్లో గీతలు కనిపిస్తే ఇంకా సులువు.

కయనైట్. పొడుగాటి బద్దల్లా ఉంటుంది. పొడవు వెంట చాకు గీత పడుతుంది, అడ్డంగా పడదు. క్లీవేజ్ తళుకు బాగా తెలుస్తుంది. ఒక్క నిమిషం పని.

స్పినెల్. గ్రాన్యులైట్‌లో ఎక్కువగా నలుపు, ముదురు ఆకుపచ్చ. నీలి స్పినెల్ ఉంటే మాత్రం చిక్కే, ఎందుకంటే కాఠిన్యం 7.5 నుంచి 8, సాంద్రత కూడా దగ్గరే. అష్టముఖి ఆకారం కనిపిస్తే సరే, లేకపోతే కింద చెప్పే ఫిల్మ్ పరీక్ష.

కోర్నెరుపైన్. ఇదీ అరుదైనదే, ఇలాంటి రాళ్లలోనే ఉంటుంది. పొడుగాటి పట్టకాలు కట్టగా, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. కాఠిన్యం 6 నుంచి 7. అనుమానం తీరకపోయినా నష్టం లేదు, రెండూ ల్యాబ్‌కు పంపదగ్గవే.

ఫిల్మ్ పరీక్ష. నీలి గింజ నుంచి వెలుతురు దూరేంత పలచటి పెచ్చు దొరికితే, దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి, పోలరైజింగ్ ఫిల్మ్‌ను మధ్యలో పెట్టి నెమ్మదిగా తిప్పండి. సఫిరిన్ నీలం నుంచి లేత రంగుకు మారుతుంది. కార్డిరైట్‌లో మార్పు మరీ స్పష్టం: ఊదా నీలం నుంచి లేత పసుపు దాకా. స్పినెల్ ఎటు తిప్పినా మారదు. ఒక జాగ్రత్త: నీలాకాశాన్ని నేపథ్యంగా పెట్టుకోవద్దు. ఆకాశపు వెలుతురే కొంత పోలరైజ్ అయి ఉంటుంది. ఫిల్మ్ తిప్పితే పెచ్చు వల్ల కాకుండా ఆకాశం వల్లే చీకటి వెలుగులు మారతాయి. ఎండ పడుతున్న తెల్ల కాగితాన్ని వాడండి.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

- ఒకే గింజ మీద అన్ని పరీక్షలూ చేయడం. గింజ నలిగిపోతుంది, ల్యాబ్‌కు ఏమీ మిగలదు. కనీసం సగం నీలి గింజలను ముట్టుకోకుండా ఉంచండి.
- ఆశ పడ్డ పేరును ముందే రాసేయడం. నోట్‌బుక్‌లో "నీలి ఖనిజం-1" అని రాయండి. పరీక్షలన్నీ అయ్యాక పక్కన పేరు చేర్చండి.
- కుదరని పరీక్షను వదిలేసి చెప్పకపోవడం. "సాంద్రత చూడలేదు, ముక్క చిన్నది" అని రాసి ఉంచితే రేపు ఇంకొకరికి పనికొస్తుంది.
- నీలి గింజ ఒక్కటీ ఊడదీసి తేవడం. ఇది పెద్ద నష్టం. రాయి నుంచి వేరైన గింజ తన సాక్ష్యాన్ని కోల్పోతుంది. ఎప్పుడూ పొరుగు ఖనిజాలతో సహా తీయండి.
- సాయంత్రపు ఎర్ర వెలుతురులో రంగు నిర్ణయించడం. లేత నీలం అప్పుడు బూడిదగా కనిపిస్తుంది. మళ్లీ ఉదయం చూడండి.

## 11. నమూనా తీయడం, ల్యాబ్‌కు పంపడం

పిడికిలంత ముక్కలు రెండు చాలు. ఒకటి కోయడానికి, ఒకటి దాచుకోవడానికి. వీలైతే పట్టీ, దాన్ని ఆనుకున్న ప్రధాన శిల రెండూ ఉన్న ముక్క ఒకటి తీయండి, ఆ సరిహద్దు ల్యాబ్‌లో చాలా చెబుతుంది.

తీసే ముందు:

- దూరం నుంచి అవుట్‌క్రాప్ ఫొటో, మనిషి గానీ సుత్తి గానీ పక్కన ఉండేలా
- పట్టీ ఫొటో, స్కేలుతో
- గింజ ఫొటో, లెన్స్ ద్వారా
- జీపీఎస్ స్థానం
- పట్టీ ఏ దిక్కుకు సాగుతోంది, ఎటు వాలి ఉంది

తీశాక నంబరు రాయి మీదా, సంచి మీదా, నోట్‌బుక్‌లోనూ మూడుచోట్లా ఒకేలా రాయండి. సంచి మీద ఒక్కచోటే రాస్తే సంచి చిరిగిన రోజు రాయి అనాథ అవుతుంది. ఒక్కో ముక్కను విడివిడిగా న్యూస్‌పేపర్‌లో చుట్టండి.

మీ నమ్మకాన్ని కూడా అంకెలో రాయండి. నేను వాడే పద్ధతి ఇది: రాయి మాత్రమే సరిపోతే 1, రాయితో పాటు లెన్స్ ఆనవాళ్లు సరిపోతే 2, గీత పరీక్ష కూడా కలిస్తే 3, సాంద్రత లేదా ఫిల్మ్ కూడా సరిపోతే 4. 5 అన్నది ల్యాబ్‌కే వదిలేశాను. 2 దాటినవి పంపించండి.

ల్యాబ్‌లో ముందు 0.03 మిల్లీమీటర్ల మందాన థిన్ సెక్షన్ (వెలుతురు దూరే పలచటి రాతి పొర) కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ తర్వాత లేజర్ వెలుతురుతో చేసే రామన్ స్పెక్ట్రోస్కోపీ గానీ, ఎలక్ట్రాన్ పుంజంతో రసాయన కూర్పు కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ గానీ ఖనిజం ఏదో తేలుస్తుంది. యూనివర్సిటీ జియాలజీ విభాగాలు చాలావరకు థిన్ సెక్షన్ చేయగలవు.

కోసేవాళ్లకు మీ నీలి గింజ ఎక్కడుందో తెలియదు. రంపం రెండు మిల్లీమీటర్ల పక్కన నడిస్తే స్లైడు మీద అసలు గింజే ఉండదు. అందుకే గింజల గుంపు చుట్టూ మార్కర్‌తో గుండ్రంగా గీసి, రంపం పోవాల్సిన దారిని అడ్డగీతగా గీయండి. చీటీలో ఇలా రాసి సంచిలో వేయండి:

"నమూనా 14-బి. గీత వెంట కోయాలి. నల్ల గింజ చుట్టూ ఉన్న నీలి అంచు స్లైడ్‌లో పడాలి. అనుమానం: సఫిరిన్, నమ్మకం 3. తప్పించినవి: కోరండం, కయనైట్. తప్పించలేనివి: కార్డిరైట్, స్పినెల్. మిగిలిన ముక్క తిరిగి కావాలి."